ఫ్రేముకు రంగు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి, నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన సైకిలు ఫ్రేము ఫోటోలు చూశాను. ఫ్రేము వరస బాగుంది, పైపుల కోణాలు ఎక్కడా తప్పలేదు. కానీ ఫోటో పెద్దగా చేసి చూస్తే హ్యాండిలు దూరే హెడ్డు పైపుకు, అక్కడి నుంచి పెడళ్ల వైపు దిగే డౌన్ పైపు అతికిన చోట, కింది వైపు, వెల్డు అంచు వెంబడి సన్నటి గాడి కనిపించింది. అండర్‌కట్ అది. దానికి ఇప్పుడే రంగు వెయ్యకు.

చేప పొలుసుల్లాంటి గీతలు వరసగా పడితే వెల్డు బాగా వచ్చినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని పాల క్యాన్లు మోసే ఒకాయనకు ఫ్రేము చేసిచ్చాను. ఎనిమిది నెలలకు సరిగ్గా ఆ చోటే తెగింది. వెల్డు చెక్కుచెదరలేదు, దాని పక్కన పైపే చీలింది. ఆయన పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. 1 మి.మీ. మందం పైపులో గాడి 0.2 మి.మీ. తినేస్తే మిగిలేది 0.8 మి.మీ. గుంతలో పడ్డ ప్రతిసారీ దెబ్బంతా ఆ గాడి అడుగునే పడుతుంది.

కరెంటు ఎక్కువైనా, కరిగించి నింపే రాడ్డు చాలినంత ఇవ్వకపోయినా గాడి పడుతుంది. వేడిని మందంగా ఉండే హెడ్డు వైపు ఎక్కువ పెట్టు, సన్న పైపుకు తగిలీ తగలనట్టు తగలనివ్వు. అలాగని ఆంపియర్లు మరీ తగ్గిస్తే వెల్డు పైన కూర్చుంటుంది గానీ పైపుతో కలవదు. అది ఇంకా ప్రమాదం, పైకి కనిపించదు కాబట్టి. రెండు తుక్కు ముక్కలు అతికి, రంపంతో అడ్డంగా కోసి లోపల చూసుకో.

సీటు పైపు దగ్గర వెల్డులో సూది బెజ్జాలు పడ్డాయి కదా, అది గాలి తగలడం వల్ల కావచ్చు. షెడ్డు తలుపు తీసి, ఫ్యాన్ వేసుకుని పనిచేస్తే, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ గ్యాస్ నిలవదు. ఉక్కపోసినా ఓర్చుకో. పైపు మీది నూనె, తుప్పు, పాత రంగు మెరిసేదాకా గీకు. పైపులోని గాలి బయటికి పోవడానికి చిన్న రంధ్రం ముందే వెయ్యి. లేదంటే వేడెక్కిన గాలి చివరి వెల్డును చీల్చుకునే వస్తుంది.

వెల్డు ముగించేటప్పుడు వెల్డింగ్ టార్చి చటుక్కున లాగకు. ఆ చివరి గుంటలోనే పగుళ్లు మొదలవుతాయి. త్వరగా చల్లారాలని నీళ్లు పొయ్యకు, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు (క్రోమోలీ) పైపైతే పెళుసెక్కుతుంది.

పగులుందేమోనని అనుమానం వస్తే పగుళ్లను రంగుతో చూపించే డై స్ప్రే కొనలేకపోయినా పర్లేదు. కిరోసిన్ రాసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లు. పగులుంటే తడి గీతలా తేలుతుంది. గీత తేలిందంటే ఆ పైపు మార్చేయి. పుట్టీ పెట్టి గ్రైండర్‌తో నున్నగా చేసి ఎవరికీ ఇవ్వకు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ ఫ్రేము రంగు లేకుండానే బస్సులో వేసుకుని రా. గాడి పడ్డచోట ఇద్దరం కలిసి ఒక్క పొర వెల్డు వేద్దాం.

మీ మామ