ఆపగలిగే సినిమా, ఆపలేని సినిమా

ఇంట్లో 55 అంగుళాల టీవీ, సౌండ్‌బార్ రెండూ ఉన్నప్పుడు, కొత్త సినిమాలు కొద్ది వారాలకే ఇంటికి వచ్చేస్తున్నప్పుడు, ఇంకా థియేటర్‌కు వెళ్ళడంలో అదనంగా దక్కేది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. రెండేళ్ళ క్రితం ఎవరైనా నన్ను ఇదే అడిగి ఉంటే ఏమీ లేదనే చెప్పేవాణ్ణి. అప్పటికి దాదాపు మూడేళ్ళుగా నేను ఒక్క సినిమా కూడా థియేటర్‌లో చూడలేదు, చూడలేదన్న లోటు కూడా నాకు తెలియలేదు. నా అభిప్రాయం మారడానికి కారణం ఒకే ఒక్క సినిమా, ఇంకా చెప్పాలంటే అందులోని ఒకే ఒక్క సన్నివేశం. అందుకని ముందు దాని గురించే చెబుతాను.

ఆ సినిమాను నేను మొదట ఇంట్లో మూడు రాత్రుల్లో, ముక్కలు ముక్కలుగా చూశాను. కథ మధ్యలో ఒక ముసలాయన బస్టాపులోని బెంచీ మీద కూర్చుని కూతురి కోసం ఎదురుచూస్తాడు. కెమెరా కదలదు, మాటలు లేవు, సంగీతం లేదు, సుమారు నాలుగు నిమిషాలు అంతే. మొదటి నిమిషం పూర్తి కాకముందే నా చెయ్యి ఫోను మీదకు పోయింది. రెండో నిమిషంలో రిమోట్ తీసుకుని, పది సెకన్లు ముందుకు జరిపే బటన్‌ను వరుసగా నొక్కుతూ పోయాను. కూతురు వచ్చిందో లేదో తెలిసింది, కథ అర్థమైంది, సన్నివేశం కొంచెం సాగదీశారని కూడా అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత అదే సినిమాను ఒక థియేటర్‌లో మళ్ళీ ప్రదర్శిస్తుంటే ఒక మిత్రుడు పట్టుబట్టి తీసుకువెళ్ళాడు. బెంచీ సన్నివేశం వచ్చింది. నా చేతిలో నొక్కడానికి ఏమీ లేదు. చేసేది లేక చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం గడిచాక ముసలాయన బొటనవేలు కనిపించింది. ఒళ్ళో పెట్టుకున్న సంచి పట్టీ అంచును అది మెల్లగా, ఆగకుండా రుద్దుతూ ఉంది. ఆ తర్వాత హాల్లో మా వెనక, ఎడమ మూల నుంచి చాలా సన్నగా ఒక బస్సు శబ్దం మొదలైంది. తెర మీద ఆయన మెడ లేచింది, బొటనవేలు ఆగింది. బస్సు ఆగకుండానే వెళ్ళిపోయింది, మెడ మళ్ళీ వాలింది. రెండోసారి శబ్దం వచ్చినప్పుడూ అలాగే జరిగింది. మూడోసారి బస్సు వచ్చింది గాని ఆయన తల ఎత్తలేదు, బొటనవేలు మాత్రం ఆగింది. మా ముందు వరుసలో ఎవరో బరువుగా ఊపిరి వదిలారు. అది విన్నాక నేనూ అప్పటిదాకా ఊపిరి బిగబట్టే ఉన్నానని తెలిసింది. ఇంట్లో నేను బటన్ నొక్కి దాటేసింది సరిగ్గా ఈ మూడు బస్సులనే.

ఆ రాత్రి నుంచి నేను ఈ విషయం గురించి చాలా ఆలోచించాను, కొంత చదివాను కూడా. నాకు తేలింది ఒకటే. థియేటర్‌లో తెర పెద్దదిగా ఉండటం కంటే, సినిమాను ఆపే అధికారం మన దగ్గర లేకపోవడమే పెద్ద విషయం. దర్శకుడు, ఎడిటర్ ఒక్కో షాటుకు ఇంత సేపని కొలిచి పెడతారు. ఆ కొలతను మనం మార్చలేని చోట మాత్రమే అది పని చేస్తుంది. విసుగు కలిగిన క్షణం దాటి అవతలికి వెళ్తే ఏముందో తెలియాలంటే, విసుగు కలిగినప్పుడు లేచి పోలేని చోట కూర్చోవాలి.

బొమ్మ నాణ్యత విషయంలో మాత్రం థియేటర్‌దే పైచేయి అని నేను అనను. చాలా థియేటర్లు ఇప్పటికీ 2048×1080 చుక్కల 2కె ప్రొజెక్టర్లతోనే నడుస్తున్నాయి, మీ ఇంటి 4కె టీవీలో 3840×2160 చుక్కలు ఉంటాయి. వెలుగు విషయంలోనూ అంతే. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మీద పూర్తి తెలుపు 48 నిట్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మాత్రమే, మామూలు టీవీ అంతకు ఎన్నో రెట్ల వెలుగు ఇస్తుంది. ఆ 48 నిట్స్ చాలడానికి కారణం హాలు చీకటిగా ఉండటమే. థియేటర్‌కు నిజంగా మేలు చేసేది అక్కడికి వచ్చే సినిమా ఫైలు. అక్కడ ప్రతి ఫ్రేమునూ విడివిడిగా కుదించి సెకనుకు 250 మెగాబిట్ల వరకూ సమాచారం పంపవచ్చు. ఇంటికి వచ్చే 4కె స్ట్రీమింగ్ సాధారణంగా 25 మెగాబిట్ల లోపే ఉంటుంది. ఇంటికి వచ్చే ఫైలును కుదించే పద్ధతులు మరింత సమర్థమైనవే గాని, పొగ, పొగమంచు, వాన, మసక చీకటి వంటి వాటిలో తేడా కంటికి తెలుస్తుంది.

అసలైన తేడా ధ్వనిలో ఉంది. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. థియేటర్ తెరకు సన్నటి రంధ్రాలు ఉంటాయి, స్పీకర్లు దాని వెనకే ఉంటాయి. అందువల్ల మాట సరిగ్గా నటుడి నోటి నుంచే వస్తున్నట్టు ఉంటుంది. సినిమాలకు ధ్వనిని కలిపే గదుల్లో ఒక్కో ముందు స్పీకరుకు 85 డెసిబెళ్ళను ప్రామాణిక స్థాయిగా పెట్టుకుంటారు, దాని మీద ఇంకో 20 డెసిబెళ్ళ వరకూ పెరిగేందుకు చోటు ఉంచుతారు. గుసగుస గుసగుసలాగా, పిడుగు పిడుగులాగా వినిపించేది ఆ చోటు వల్లనే. ఇంట్లో ఆ స్థాయిలో పెడితే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు, కనుక తగ్గిస్తాం. తగ్గించగానే మాటలు వినపడవు, పెంచుతాం. అంతలో ఏదో పేలుతుంది, మళ్ళీ తగ్గిస్తాం. ఆ మూడు బస్సులు నాకు ఇంట్లో ఎలాగూ వినపడేవి కావు. బటన్ నొక్కకుండా ఉన్నా, ఆ సన్నటి శబ్దం నా సౌండ్‌బార్‌లో ఫ్యాను చప్పుడు కింద అణిగిపోయి ఉండేది.

ఇంత చెప్పాక, ఇంట్లో చూడటాన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను కలవనని కూడా చెప్పాలి. సినిమా పుట్టినప్పుడే ఈ రెండు పద్ధతులూ పుట్టాయి. ల్యూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లో తెర మీద బొమ్మలు వేసి, డబ్బు చెల్లించి వచ్చిన ప్రేక్షకులకు చూపించారు. కాని అంతకు ముందే, 1894లో, ఎడిసన్ సంస్థ కినెటోస్కోప్ పెట్టెలను జనం మధ్యకు తెచ్చింది. ఒక్కొక్కరూ వంగి, ఆ పెట్టె రంధ్రంలో కన్ను పెట్టి, ఒంటరిగా చూసేవారు. ఈ రోజు ఫోనులో సినిమా చూసేవాళ్ళను చూస్తే నాకు ఆ పెట్టెలే గుర్తుకు వస్తాయి.

మా అమ్మకు ఎనిమిదేళ్ళుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. థియేటర్‌లో ఆమెకు శబ్దం వినపడుతుంది గాని మాట విడిగా తెలియదు, మూడు గంటలు కదలకుండా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. చివరిసారి వెళ్ళినప్పుడు సినిమా అంతా అయ్యాక, "అందరూ ఎందుకు నవ్వారో నాకు ఒక్కసారీ తెలియలేదు" అంది. ఇంట్లో సబ్‌టైటిళ్ళు పెట్టుకుని, విశ్రాంతి కావాలనుకున్నప్పుడు ఆపుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో నన్ను అడిగి, ఒక సినిమాను రెండు పూటల్లో పూర్తి చేస్తుంది. ఆ ఆపే బటన్ లేకపోతే ఆమెకు సినిమాయే లేదు. నేను పైన ఏ బటన్ గురించి ఫిర్యాదు చేశానో, అదే ఆమెకు ఆసరా. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోలేను.

పైగా థియేటర్ తన వంతు పని సరిగ్గా చేస్తుందన్న హామీ కూడా లేదు. ఒకచోట ప్రొజెక్టరు వెలుగు ఎంత మందగించిందంటే, రాత్రి సన్నివేశాల్లో ముఖాలు తప్ప ఏమీ కనిపించలేదు. బయటికి వెళ్ళి చెప్పాను, చూస్తామన్నారు, సినిమా అయ్యేదాకా ఎవరూ చూడలేదు. ముందు వరుసలో అరగంటకోసారి వెలిగే ఫోను తెర సంగతి మీకూ తెలిసే ఉంటుంది. అలాంటి హాలుకు నేను రెండోసారి వెళ్ళను, మీరూ వెళ్ళవద్దనే చెబుతాను. వెళ్ళినప్పుడు మాత్రం తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య సీట్లు తీసుకోండి. ధ్వనిని సరిచేసేటప్పుడు కొలతలు తీసుకునేది ఆ ప్రాంతంలోనే.

ఇక మీ 55 అంగుళాల టీవీ గురించి. దాని వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే అది మీ చూపులో 23 డిగ్రీలు మాత్రమే ఆక్రమిస్తుంది. కనీసం 30 డిగ్రీలు ఉండాలన్నది తరచుగా చెప్పే లెక్క. నేను ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేసిన మార్పు సోఫాను రెండు మీటర్ల దూరానికి జరపడమే. దానితో 34 డిగ్రీలు వచ్చాయి. వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు ఉండేలా తీసిన సినిమాలకు టీవీ పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి తెర ఎత్తులో నాలుగో వంతు పోతుంది, కనుక దగ్గరగా కూర్చోవడం ఇంకా అవసరం. రెండో మార్పు, టీవీ సెట్టింగులలో మోషన్ స్మూతింగ్‌ను ఆపేయడం. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. ఈ సదుపాయం మధ్యలో లేని ఫ్రేములను తానే కల్పించి చేర్చి, ఎంతో శ్రమించి తీసిన సినిమాను సీరియల్‌లాగా మార్చేస్తుంది. చాలా టీవీలలో దీన్ని ముందే ఆన్ చేసి అమ్ముతారు. దాని పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది, కనుక కొంచెం వెతకాలి. సినిమా మోడ్ గాని ఫిల్మ్‌మేకర్ మోడ్ గాని ఉంటే అదే పెట్టుకోండి. మూడోది, లైట్లు ఆర్పడం, ఫోన్లు వేరే గదిలో ఉంచడం. అన్నిటికంటే కష్టమైనది ఇదే.

ఇప్పుడు నేను ఏది ఎక్కడ చూడాలో ఎంచుకునే పద్ధతి చాలామంది పద్ధతికి తలకిందులుగా ఉంటుంది. పోరాటాలు, పేలుళ్ళు ఉన్న సినిమాలకే పెద్ద తెర కావాలని అంటారు. వేగంగా నడిచే సినిమా ఇంట్లోనూ నన్ను పట్టి కూర్చోబెడుతుంది, రిమోట్ వైపు చెయ్యి పోదు. నెమ్మదిగా నడిచేవి, మాటలు తక్కువగా ఉన్నవి, ఓపిక అడిగేవి నేను ఇంట్లో సరిగ్గా చూడలేను. కనుక వాటికే టికెట్టు కొంటున్నాను. హాస్య చిత్రాలకు కూడా వెళ్తాను, నవ్వు పక్కవాళ్ళతో పెరిగే వస్తువు.

పోయిన నెలలో ఆ బస్టాపు సినిమాను అమ్మకు ఇంట్లో చూపించాను. సోఫా దగ్గరికి జరిపి, లైట్లు ఆర్పి, రిమోట్‌ను బల్ల మీద దూరంగా పెట్టాను. సబ్‌టైటిళ్ళలో శబ్దాలను కూడా రాసే రకం పెట్టాను. బెంచీ సన్నివేశంలో తెర కింద "దూరంగా బస్సు శబ్దం" అని వచ్చింది, అమ్మ చదివింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ చదివింది. మూడోసారి అదే వాక్యం వచ్చినప్పుడు ఆమె కళ్ళు కిందికి దిగలేదు, ముసలాయన మీదే ఉన్నాయి. "ఈసారి తలెత్తలేదు, చూశావా" అంది మెల్లగా.