ఫిస్టులా ఎందుకు మూసుకుపోతుంది?

మీ అమ్మగారికి డయాలసిస్ సూదుల కోసం చేతిలో సిరను ధమనికి కలిపి కుట్టిన ఫిస్టులా, అదీ రెండోది, ఏడాది తిరగకుండానే మూసుకుపోయిందనీ, ఆపరేషన్ సరిగా చేయలేదేమోననీ రాశారు. నేను వైద్యుణ్ణి కాను. మలక్‌పేటలో ఉంటూ మా నాన్నగారిని వారానికి 3 సార్లు చొప్పున ఆరేళ్లు డయాలసిస్‌కు తీసుకువెళ్లినవాణ్ణి. ఆపరేషన్‌లో లోపం ఉంటే ఉండవచ్చు గానీ, చాలామందిలో చిక్కు సిరలోనే మొదలవుతుంది.

సిర తక్కువ ఒత్తిడికి అలవాటు పడిన నాళం. దాన్ని ధమనికి కలిపి కుట్టగానే రక్తం జోరుగా వచ్చి పడుతుంది. ఆ తాకిడికి సిర వెడల్పయి గోడ గట్టిపడితే, 6 నుంచి 8 వారాల్లో, కొందరికి ఇంకా ఆలస్యంగా, సూదులకు పనికివస్తుంది. అదే తాకిడికి లోపలి పొర మందమై, కుట్టు దాటిన కొద్ది దూరంలోనో ఇంకా పైనో దారి సన్నబడడమూ ఉంది. అలా సన్నబడి ఉన్నప్పుడు డయాలసిస్‌లో నీరు ఎక్కువ తీసి బీపీ పడిపోయినా, మే నెల ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అక్కడ రక్తం గడ్డకడుతుంది. మనం చూసేది ఆ చివరి రోజును మాత్రమే. షుగర్ వల్ల ధమనులు గట్టిపడినవారిలో ఫిస్టులా అసలు ఎదగకపోవచ్చు.

మా నాన్నగారి చేతి మీద వేళ్లు ఆనిస్తే, నడుస్తున్న పాత ఫ్రిజ్‌ను తాకినట్టు సన్నని అదురు తెలిసేది. ఒకసారి ఆ అదురు పోయి, నాడిలా గట్టిగా కొట్టుకోవడం మొదలైంది. సూదులు తీశాక పది నిమిషాల్లో ఆగే రక్తం అరగంటైనా ఆగలేదు. మెషిన్ మీద వీనస్ ప్రెషర్ (రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లే దారిలో ఒత్తిడి) అలారం పదేపదే మోగింది. సూది సరిగా పడలేదని టెక్నీషియన్ అంటే రెండు వారాలు నమ్మాం, అది మా పొరపాటే. రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ తీయిస్తే మోచేతి పైన సిర సన్నబడిందని తేలింది. బెలూన్‌తో వెడల్పు చేశారు. ఎనిమిది నెలలకు మళ్లీ సన్నబడితే మళ్లీ చేయించాం. నొప్పి తక్కువని ఒకే చోట సూది గుచ్చించుకోవడం కూడా ఆ చేతికి చెరుపే చేసింది.

మీ అమ్మగారికి మొదట్లో కాలర్ ఎముక కింద కాథెటర్, అంటే డయాలసిస్ గొట్టం, పెట్టారా? పెట్టి ఉంటే ఛాతీలోని పెద్ద సిర సన్నబడి ఉండవచ్చు. అప్పుడు ఆ వైపు చేతికి ఎంత బాగా కుట్టినా ఫలితం నిలవడం కష్టం, చేయి వాచిపోతుంది కూడా. మూడో ఫిస్టులాకు ముందు ఆ సిరలను కూడా పరీక్షించమని నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్యుణ్ణి) అడగండి. అందాకా ఏ చేతికి కుట్టాలని అనుకుంటున్నారో ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. తప్పనిసరైతే అరచేతి వెనుక సిర నుంచి తీయమనండి.