ట్రాఫిక్ చిరాకు ఇంటిదాకా వస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 39. మేం కేపీహెచ్‌బీలో ఉంటాం, నా ఆఫీసు గచ్చిబౌలిలో. దూరం పన్నెండు పదమూడు కిలోమీటర్లే గానీ సాయంత్రం కారులో ఒక్కోసారి గంటన్నర పడుతుంది. జేఎన్‌టీయూ చౌరస్తాకి వచ్చేసరికి తల పగిలిపోతుంటుంది. ముందున్న బండి కాస్త ఆలస్యంగా కదిలితే నోటికి బూతులు వచ్చేస్తున్నాయి. మొన్న మా అబ్బాయి తను గీసిన బొమ్మ చూపించబోతే కసిరేశాను. ఇదివరకు ఇలా ఉండేవాణ్ణి కాదు. ఇదేమైనా జబ్బా? మాత్రలు వాడాలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికిప్పుడు మాత్రలు అవసరమనిపించడం లేదు. అలాగని తీసిపారేసే సంగతీ కాదు. పిల్లాణ్ణి కసిరినందుకు బాధపడుతున్నారంటే వ్యవహారం ఇంకా మీ చెయ్యి దాటలేదు.

ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికో, కలబడడానికో మన ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఐకియా దగ్గర మూడోసారి కూడా సిగ్నల్ దాటలేకపోయినప్పుడు జరిగేదీ అదే. కాకపోతే అక్కడ పారిపోవడానికి దారి ఉండదు, కలబడడానికి మనిషి ఉండడు. ఈసారి కారు ఆగినప్పుడు మిమ్మల్ని మీరే గమనించుకోండి. పళ్లు బిగబట్టి ఉంటారు. భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉంటాయి. స్టీరింగ్ పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడి ఉంటాయి. గంటన్నర పాటు అలా కూర్చుంటే తలనొప్పి రాకేం చేస్తుంది?

ఇలాంటి ఫిర్యాదుతో వచ్చేవాళ్లందరి దగ్గరా నేను గమనించింది ఒకటుంది. వాళ్లను విసిగించేది గంట ప్రయాణం కాదు, ఎంతసేపు పడుతుందో తెలియకపోవడం. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైల్లో పల్లీలు తింటూ హాయిగా వెళ్తాం. ఎప్పుడు చేరతామో తెలుసు కాబట్టి! ఇక్కడ అలా కాదు. ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, ‘ఎక్కడున్నారు?’ అని. సైబర్ టవర్స్ దగ్గర ఇరుక్కుని కూడా ‘ఇదిగో, పది నిమిషాల్లో ఉంటా’ అంటాం. ఆ మాట అన్న దగ్గర్నుంచి ప్రతి ఎర్ర లైటూ మనల్ని అబద్ధాలకోరుల్ని చేస్తుంటుంది. కాబట్టి మొట్టమొదట మానాల్సింది ఆ ‘పది నిమిషాలు’. ఎనిమిదిన్నర దాటుతుందని ఆఫీసులోంచే చెప్పేయండి. ముందే చేరితే ఇంట్లోవాళ్లకు అదో సంబరం.

ఇది మన ఊరి గోలే అనుకోకండి. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన 909 మంది ఉద్యోగినులు ముందురోజు ఏ పని చేస్తున్నప్పుడు ఎలా అనిపించిందో రాసిచ్చారు. అట్టడుగున నిలిచిన పనుల్లో ఆఫీసు ప్రయాణం ఒకటి. పాపం, వాళ్లకు మన బయోడైవర్సిటీ జంక్షన్ తెలియదు.

వీలైతే వారంలో రెండు రోజులు కారు ఇంటి దగ్గరే ఉంచండి. కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. మ్యాప్‌లో చూస్తే ఇది చుట్టుతిరుగుడే. దిగాక మళ్లీ ఆటో పట్టుకోవాలి, సాయంత్రం నిలబడాల్సి రావచ్చు కూడా. అయినా ఎన్నింటికి చేరతారో దాదాపు ముందే తెలుస్తుంది, బ్రేకూ క్లచ్చూ తొక్కే పనుండదు. ఆఫీసులో ఒప్పుకుంటే బయల్దేరే టైమ్‌ను ఓ నలభై నిమిషాలు అటో ఇటో జరిపి వారం రోజులు చూడండి.

కారులోనే వెళ్లాల్సిన రోజుల్లో, బండి పూర్తిగా ఆగినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే సమయం ఎక్కువగా ఉంటే గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి చురుగ్గా పనిచేస్తుంది. కళ్లు మాత్రం మూసుకోవద్దు. బండి కదిలాక ఈ లెక్కలు ఆపేయండి. పాటలు వింటారో, ప్రవచనాలు వింటారో మీ ఇష్టం. వార్తల చర్చలు మాత్రం వద్దు, బయట హారన్లు చాలవన్నట్టు లోపల కూడా అరుపులెందుకు?

చాలామంది పట్టించుకోనిది ఆకలి. నాలుగింటికి టీ, తొమ్మిదింటికి భోజనం అయితే మధ్యలోని ఆకలి కోపంగా బయటపడుతుంది. బయల్దేరే ముందు ఓ అరటిపండో, గుప్పెడు వేరుశనగలో తినండి. దారిలో బాత్రూమ్ దొరకదని నీళ్లు మానేయడం కూడా తలనొప్పికి ఒక కారణం.

ఇక అబ్బాయి సంగతి. నేనూ ఓ సాయంత్రం హారన్ల మధ్య ముప్పావుగంట ఇరుక్కుని క్లినిక్‌కి వచ్చి, ఫ్యాన్ వేయలేదని కాంపౌండర్ మీద కేకలేశాను. అతను ముందే వేసి ఉంచాడు, కరెంటు లేదంతే. అప్పటినుంచి కారు పార్క్ చేశాక ఐదు నిమిషాలు బయటే నడుస్తున్నాను, ఫోన్ ముట్టుకోకుండా. మీరూ సెల్లార్ నుంచి నేరుగా లిఫ్ట్ ఎక్కకండి. అపార్ట్‌మెంట్ చుట్టూ ఒకసారి నడిచి, ఇంట్లోకెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే మాటలు మొదలుపెట్టండి.

సెలవు రోజుల్లో కూడా ఇదే చిరాకు ఉన్నా, రెండు వారాలకు పైగా నిద్ర సరిగా పట్టకపోయినా, టెన్షన్ తగ్గడానికి రాత్రిపూట పెగ్గు అలవాటవుతున్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే మాత్రం దాన్ని టెన్షన్ ఖాతాలో వేయకుండా బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి.

ఈలోగా థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. గురక పెడతారేమో ఇంట్లో అడగండి. గురకతో నిద్ర చెడిపోయేవాళ్లు పగలు చిరాకుగా ఉండటమే కాదు, స్టీరింగ్ దగ్గర కునుకు తీసే ప్రమాదం కూడా ఉంది. బీపీ తరచూ 140/90 దాటుతుంటే ఫిజీషియన్‌కు చూపించాలి. బీపీ మాత్రం ఆదివారం పొద్దున్న, ఐదు నిమిషాలు తీరిగ్గా కూర్చున్నాక చూపించుకోండి. ట్రాఫిక్‌లోంచి దిగి నేరుగా వెళ్లి చూపించుకుంటే నాకూ ఎక్కువే వస్తుంది.