తప్పు హీటర్‌ది కాదు, సాకెట్‌ది

మేడమ్, అరకులో మీ అమ్మగారి గదికి కొన్న 2000 వాట్ల హీటర్ వేసిన పావుగంటకే ప్లగ్ ముట్టుకోలేనంత కాలుతోందన్నారు. ముందు దాన్ని వాడటం ఆపేయండి. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మీరేమో పెద్ద పిన్నుల ప్లగ్‌ని చిన్న సాకెట్లో పట్టించే కన్వర్టర్ ప్లగ్ తగిలించి 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టారు. లోపల పిన్నుల పట్టు వదులైతే ఇంకా వేడెక్కుతుంది. రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందేమో చూడండి, తిరిగితే సాకెట్ తీసేయాల్సిందే. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి, ఎర్త్‌తో సహా 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

పెద్దావిడ పడుకునే గదికి ఫ్యాన్ హీటర్ కన్నా, లోపలి నూనెని వేడిచేసి గదిని వెచ్చబరిచే ఆయిల్ రేడియేటర్ నయం. చప్పుడుండదు, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. కరెంటు పోయిందని తలుపులేసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు.