నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకెక్కువ? ఫ్యాక్టరీల వల్లనా?

ఫ్యాక్టరీల వల్ల కాదు, అక్కడి రాయి వల్ల. నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఫ్లోరైట్, నల్లగా మెరిసే బయోటైట్ అభ్రకం, అపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి రాయిని ఒరుసుకుంటూ ఉంటే ఆ ఫ్లోరిన్ ఫ్లోరైడ్‌గా కొద్దికొద్దిగా నీళ్లలోకి కరుగుతుంది.

అయితే గ్రానైట్ ఉన్న ప్రతిచోటా ఈ సమస్య రాదు. అసలు కిటుకు కాల్షియంలో ఉంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఫ్లోరైట్‌గా గడ్డకడుతుంది, అంతకు మించి పెరగదు. ఇక్కడి నీళ్లలో క్షారగుణం, బైకార్బనేట్ ఎక్కువ. అవి కాల్షియాన్ని సున్నపు గడ్డలుగా (పొలాల్లో తెల్లగా కనిపిస్తాయే, అవే) పక్కకు లాగేస్తాయి. ఇక ఫ్లోరైడ్‌కు అడ్డేముంది? పైగా వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కాబట్టి నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

చెరువు నీరు రాతితో అంతకాలం ఉండదు కాబట్టి సాధారణంగా నయం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే పోతుందనుకుంటారు కొందరు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, అంతే. ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.