వైకింగ్స్ ఎపిసోడ్ల మీద రాయబోయే అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

స్కాండినేవియా సముద్రయోధుల కథ చెప్పే వైకింగ్స్ టీవీ సీరియల్ చూస్తూ ఒక్కో ఎపిసోడ్ మీద అభిప్రాయం రాస్తానన్నావు. రాయి. కాకపోతే "చరిత్రను పాడుచేశారు" అనో, "యుద్ధం అదిరింది" అనో రాసేసి చేతులు దులుపుకోకు. ఆ రెండు మాటలూ మొత్తం 89 ఎపిసోడ్లలో దేనికైనా అతుకుతాయి.

ముందు లెక్క తెలుసుకో. మొదటి సీజన్‌కు 9 ఎపిసోడ్లు, రెండు, మూడు సీజన్లకు పదేసి, ఆ తర్వాతి మూడింటికీ ఇరవయ్యేసి. ఆ ఇరవైలు రెండు సగాలుగా వచ్చాయి. అందుకని "నాలుగో సీజన్ ఐదోది" అని రాస్తే కొందరు మొదటి సగంలోది అనుకుంటారు, ఇంకొందరు రెండో సగంలో కథానాయకుడు రాగ్నార్ పాముల గోతిలో చనిపోయే ఎపిసోడ్ అనుకుంటారు. అసలు లెక్కలో రెండోది 15వది. నంబరుతో పాటు ఎపిసోడ్ పేరు కూడా రాయి. డిస్కుల మీద పొడిగించిన నిడివి వచ్చింది, టీవీలో వచ్చినదాన్లో ఆ ముక్కలు ఉండవు. నువ్వు చూసినది ఏదో మొదట్లోనే చెప్పేస్తే అనవసరమైన వాదన తప్పుతుంది.

రాయదలచుకున్న రోజు ఒక్క ఎపిసోడే చూడు. వరసగా మూడు చూస్తే రెండోదాన్లోని సంభాషణను మూడోదానికి అంటగట్టేస్తావు, ఈ పొరపాటు చాలామంది రాతల్లో కనిపిస్తుంది. మొదటిసారి పెన్ను ముట్టుకోకు. రెండోసారి నాలుగైదు చోట్ల ఆపి నిమిషం, సెకను, ఎవరు ఎవరితో ఏమన్నారో రాసుకో. కథ చెప్పడానికి మూడు వాక్యాలు చాలు. చదివేవాళ్లు ఎపిసోడ్ చూసే వస్తారు.

ఇక అసలు సంగతి. ఏ సంఘటన మీద తీర్పు చెప్పాలన్నా దాన్ని మూడు భాగాలు చెయ్యి: ఆ కాలపు రికార్డు ఏమంటోంది, తర్వాతి సాగాలు, అంటే వందల ఏళ్ల తర్వాత రాసుకున్న వీరగాథలు, ఏమన్నాయి, సీరియల్ ఏం చేసింది. పల్నాటి యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో, మనకు దొరికే కావ్యం శ్రీనాథుడి పేరున ఉన్నది, అంటే రెండు వందల ఏళ్లు దాటాక వచ్చింది. రాగ్నార్ కథ అంతకన్నా పలచన. రాగ్నార్ భార్య లాగెర్తా ఉందని చెప్పేది డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో ఒక్కడే, అతను రాసింది సుమారు 1200 ప్రాంతంలో. 865లో వైకింగుల పెద్ద సైన్యం ఇంగ్లండ్ మీదికి వచ్చిందని అక్కడి పాత చరిత్ర గ్రంథం ఆంగ్లో సాక్సన్ క్రానికల్ చెబుతుంది, తండ్రి రాగ్నార్ పగ తీర్చుకోవడానికి కొడుకులు వచ్చారన్నది సాగాల మాట. ముసలి పంది పడే బాధ తెలిస్తే పందిపిల్లలు ఎలా గుర్రుమంటాయో అని గోతిలో రాగ్నార్ చెప్పే మాట కూడా సాగాల నుంచి తీసుకున్నదే, రచయిత మైకేల్ హర్స్ట్ కల్పన కాదు. ఈ తేడా తెలియక మెచ్చుకున్నా, తిట్టినా గురి తప్పుతుంది.

తేదీలు ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకో. ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి 793. ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలిన ఎక్‌బర్ట్ రాజు మరణం 839. పారిస్ మీద దాడులు 845లో ఒకటి, 885–86లో ఇంకొకటి. అదే వెసెక్స్‌కు ఆల్ఫ్రెడ్ రాజైంది 871. వైకింగ్ నాయకుడు రోల్లోకు ఫ్రాంకుల (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం వాళ్ల) రాజు నేల ఇచ్చింది 911. మొదటిదానికీ చివరిదానికీ 118 ఏళ్లు, సీరియల్‌లో రోల్లో రెండు చోట్లా ఉన్నాడు! దీన్ని పట్టుకుని వెక్కిరించడం తేలిక. ఈ కుదింపుతో కథకు ఏం దక్కిందో అడగడమే విమర్శ. రోల్లోను రాగ్నార్ తమ్ముడిగా చెయ్యడానికి చరిత్రలో ఆధారం లేదు, కానీ అన్న నీడలో ఎండిపోయినవాడు శత్రువు ఇచ్చిన నేల తీసుకోవడానికి మొదటి సీజన్ నుంచే కారణం సిద్ధమైంది. ఆల్ఫ్రెడ్‌ను క్రైస్తవ సన్యాసి అథెల్‌స్టాన్ కొడుకుని చెయ్యడం కూడా అచ్చమైన అబద్ధమే, అతని అసలు తండ్రి ఎథెల్‌వుల్ఫ్ రాజు. అయినా సన్యాసి చనిపోయాక అతని మీద ఎక్‌బర్ట్‌కున్న ప్రేమకు ఒక రూపం కావాలి, అది ఈ పిల్లవాడిలో దొరికింది. నా లెక్కలో ఇవి రెండూ ఖరీదుకు తగిన అబద్ధాలు. పారిస్ ఎపిసోడ్లలో మాత్రం రెండు దాడుల్నీ, చార్లెస్ అనే పేరున్న ముగ్గురు ఫ్రాంకు రాజులనూ కలిపి ఒక భయస్థుడైన చక్రవర్తిని తయారుచేశారు. 845లో ఫ్రాంకులు 7,000 పౌండ్ల వెండి ఇచ్చి దాడిచేసినవాళ్లను పంపించిన తీరులో ఎంత రాజకీయం ఉందో, అదంతా ఇక్కడ పోయింది.

రెండో సీజన్ 7వ ఎపిసోడ్, రక్తపు గద్ద శిక్ష (వీపు చీల్చి పక్కటెముకలు విరిచేది) ఉన్నది, జాగ్రత్తగా రాయి. ఆ శిక్ష నిజంగా ఉండేదా అన్నది పండితుల మధ్య తేలని తగవు. పాత పద్యంలో వీపు మీద గద్ద అన్న మాట ఉంది, అది శవాన్ని పీక్కుతినే పక్షి గురించే కావచ్చని కొందరి వాదన. "వైకింగులు ఇలా చేసేవాళ్లు" అని రాయకు. దృశ్యం మీద మాత్రం ధైర్యంగా తీర్పు చెప్పు: అరిస్తే వీరులు చనిపోయాక చేరే వల్‌హల్లా తలుపు మూసుకుపోతుందన్న షరతు ముందే పెట్టడం వల్ల, చూసేవాళ్లు కత్తిని వదిలి శిక్షపడ్డ బోర్గ్ నోటినే చూస్తుంటారు. అక్కడే ఆ ఎపిసోడ్ గెలిచింది.

మొదటి సీజన్ 8వదాన్లోని, స్వీడన్‌లోని ఉప్సాలా గుడిలో జరిగే బలి 1070ల నాటి ఆడమ్ ఆఫ్ బ్రెమెన్ రాతల మీద ఆధారపడింది. తొమ్మిదేళ్లకోసారి, తొమ్మిదేసి మగ ప్రాణుల్ని బలి ఇస్తారని అతను రాశాడు. అతను క్రైస్తవ మతాధికారి, ఆ పూజ కళ్లారా చూసినవాడు కాదు. ఆ ఒక్క వాక్యం చేరిస్తే నీ రాత పది రాతల మధ్య నిలబడుతుంది.

శబ్దం వదిలెయ్యకు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు నార్స్‌వాళ్ల (అంటే వైకింగుల) మాట మనకు ఇంగ్లీషులో వినిపిస్తుంది, పరాయివాళ్లు ఎదురైనప్పుడు వాళ్ల పాత భాషలు బయటికి వస్తాయి. ఏ దృశ్యం ఎవరి చెవితో వింటున్నామో గమనించు.

దుస్తుల గురించి రెండు మాటలు చాలు. కొమ్ముల శిరస్త్రాణాలు లేవని పొగడక్కర్లేదు, అవి 19వ శతాబ్దపు రంగస్థలం సృష్టి. యుద్ధంలో అసలు శిరస్త్రాణమే లేకపోవడం నటుల ముఖాలు కనిపించడానికి. నల్ల తోలు కూడా ఫ్యాషనే, సమాధుల్లో రంగులద్దిన ఉన్ని, నార బట్టలు దొరికాయి. సీరియల్‌లో రాగ్నార్ ఊరైన కట్టెగాట్ చుట్టూ కనిపించే కొండల గొడవ కూడా అంతే: అసలు కట్టెగాట్ డెన్మార్క్, స్వీడన్ మధ్య సముద్రం పేరు, చిత్రీకరణ ఎక్కువగా ఐర్లండ్‌లోని విక్లో ప్రాంతంలో.

ఐదో సీజన్ నుంచి నీ ఓపిక సన్నగిల్లుతుంది, అది నీ తప్పు కాదు. యుద్ధాలు పెరిగాయి, ఎందుకు పోరాడుతున్నారన్నది పలచబడింది. అలాంటివాటికి 150 పదాలు చాలు. మిగిలిన ఓపిక నాలుగో సీజన్ 14వదాని మీద పెట్టు: రాగ్నార్, ఎక్‌బర్ట్ ఇద్దరూ కూర్చుని దేవుళ్ల గురించి మాట్లాడుకుంటారు. రాయడం మొదలుపెట్టేది దాంతోనే మొదలుపెట్టు. పూర్తయ్యాక పంపు, తేదీలు ఒకసారి చూసిపెడతాను.

పెద్దమ్మ