పడవను ట్రైలర్ మీద ఎక్కడ నిలపాలి: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా పడవ కొనుక్కున్నావనీ, వచ్చే వారం దాన్ని నీ కారుకే తగిలించుకుని బయలుదేరుతున్నావనీ నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వినగానే ఛాతీ పొంగింది కానీ రాత్రి కంటి మీదికి కునుకు రాలేదు. నీటి మీద నీ గురించి నాకు దిగులు లేదు, నీకు ఈత నేర్పింది నేనే. నా దిగులంతా రోడ్డు మీద.

చిన్న పనులు నీకు తెలిసే ఉంటాయి. కారు వెనుక బిగించిన ఇనుప గుండు, అంటే బాల్ సైజు, దాని మీద కూర్చునే ట్రైలర్ ముందు కొసకు, అంటే కప్లర్‌కు సరిపోవాలి, గొలుసులు రెండూ కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పడాలి, టైర్లలో గాలి, వెనుక లైట్లు చూసుకోవాలి. పడవను ట్రైలర్ మీదికి లాగే విన్చ్ పట్టీ ఒక్కదాన్నే నమ్మకుండా పడవ ముక్కున ఉన్న రింగుకు వేరే గొలుసు, వెనుక రెండు మూలలకూ పట్టీలు బిగించాలి.

అసలు విషయం తూకం. ఎడ్లబండికి సరుకు ఎక్కించేటప్పుడు ముందుమొగ్గు, వెనుకమొగ్గు చూసినట్టే ఇక్కడా చూడాలి. పడవ, ఇంజను, పెట్రోలు, సామాను, ట్రైలర్ అన్నీ కలిపిన బరువులో సుమారు పదో వంతు కారు బాల్ మీద ఆనాలి. నీ ట్రైలర్ తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించు, నీ కారూ, బాల్‌ను కారుకు బిగించే హిచ్చూ మోయగల పరిమితిని మాత్రం దాటకు. ముందు బరువు మరీ ఎక్కువైతే కారు వెనుకభాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ మాట వినదు. అది మనకు వెంటనే తెలిసిపోతుంది. వెనుక బరువు ఎక్కువైన సంగతి నెమ్మదిగా పోతున్నంతసేపూ తెలియకపోవచ్చు, అందుకే నాకు దాని భయమే ఎక్కువ.

మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు, నేనే చెబుతాను. నా మొదటి పడవ ఇంజనుతో కలిపి 900 కిలోలు, ట్రైలర్ మరో 300. దాన్ని కారుకు తగిలించే ప్రతిసారీ కప్లర్ ఎత్తలేక నడుము పట్టేసేది. ఒకరోజు విన్చ్ స్టాండు బోల్టులు వదులు చేసి, దాన్ని 20 సెంటీమీటర్లు వెనక్కి జరిపి, పడవను కూడా అంతే వెనక్కి దింపాను. కప్లర్ ఒంటిచేత్తో లేచింది. ఎంత తెలివైనవాణ్ణని మీ నాన్నను పిలిచి మరీ చూపించాను! వాడు చూసి, ‘వెనుక పడవ అడుగు కొంచెం బయటికి వచ్చినట్టుందన్నయ్యా’ అన్నాడు. నేను వినలేదు. ముందురోజు రాత్రి కురిసిన వాన నీళ్లు పడవ అడుగున నిలిచి ఉంటే, డ్రెయిన్ ప్లగ్గు తీసి వదిలెయ్యకుండా, లంగరునూ ఐసు పెట్టెనూ కూడా వెనుకే పడేసి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి బయలుదేరాను.

పల్లపు దారిలో, 80 వేగంలో, ఒక లారీ మమ్మల్ని దాటిపోయింది. కుడి అద్దంలో ఇంజను కనిపించింది, మరుక్షణం ఎడమ అద్దంలో, మళ్లీ కుడి అద్దంలో, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. కంగారుపడి బ్రేకు గట్టిగా తొక్కాను, అదే అన్నిటికంటే పెద్ద తప్పు. ట్రైలర్ కారును తిప్పేసి, రోడ్డుకు అడ్డంగా వచ్చి, పక్క కాలవలోకి ఒరిగింది. పడవ అడుగు చీలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మీ నాన్న ముందున్న డాష్‌బోర్డును పట్టుకున్న చేతులను చాలాసేపు వదల్లేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత లెక్క వేసుకున్నాను. కప్లర్ నుంచి ఇరుసుకు 4 మీటర్లు. 900 కిలోల పడవ 20 సెంటీమీటర్లు వెనక్కి పోతే బాల్ మీద 45 కిలోలు తగ్గుతాయి. ఇరుసుకు మీటరున్నర వెనుక 60 లీటర్ల వాన నీళ్లు నిలిస్తే మరో 22 కిలోలు పోతాయి. 120 దాకా ఉండవలసిన చోట నాకు మిగిలింది అందులో సగం కూడా కాదు.

కాబట్టి, నా తల్లీ, కంటితో అంచనా వెయ్యకు. ప్రయాణానికి ఏ సామానుతో వెళ్తావో ఆ సామానంతా ఎక్కించి, ప్లగ్గు తీసి నీళ్లు వదిలేసి, చక్రాలకు అడ్డు పెట్టి, కప్లర్‌ను బాల్ ఎత్తులోనే ఉంచి తూచు. మనుషులు బరువు చూసుకునే మిషను చాలు. దాని పరిమితి సరిపోకపోతే ఒక దూలం తీసుకుని, ఒక కొసన ఇటుకా, మరో కొసన మిషనూ పెట్టి, కప్లర్ ఇటుకకు ఒక అడుగు, మిషనుకు రెండు అడుగుల దూరంలో ఆనేలా చెయ్యి. దూలం ఒక్కదానికే చూపించిన అంకెను తీసేసి, మిగిలినదాన్ని 3తో గుణించు. మొత్తం బరువు కోసం వేబ్రిడ్జికి వెళ్లు.

తూకం తప్పితే ముందు సామాను జరిపి చూడు. అప్పటికీ కుదరకపోతే పడవను జరపాలి, కానీ దాని వెనుక అంచు, ఇంజను వేలాడే చోటు, ట్రైలర్ మీద పడవను మోసే కింది దన్నుబద్దెల కొస మీదే ఆని ఉండాలి. దన్ను దాటి బయటికి వచ్చిన అడుగుభాగం ఇంజను బరువుకు క్రమంగా వంగిపోతుంది. పడవకు అక్కడ చోటు లేకపోతే ఇరుసునే జరిపించు. వెనక్కి జరిపితే ముందు బరువు పెరుగుతుంది, ముందుకు జరిపితే తగ్గుతుంది. ఆ పని మెకానిక్‌కు వదిలెయ్యి. సర్దుబాటు పూర్తయ్యాక, పడవ ముక్కు ఆనే రబ్బరు దిమ్మను దానికి తాకేలా బిగించు. రేపు నీళ్లలోంచి ఎక్కించినప్పుడు పడవ మళ్లీ అదే చోటికి రావాలి కదా.

దారిలో ఎప్పుడైనా ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీది కాలు తీసెయ్యి, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, కారు బ్రేకు గట్టిగా తొక్కకు. వేగం దానంతటదే తగ్గాక పక్కకు ఆపి, మళ్లీ తూచేదాకా కదలకు.

బయలుదేరే ముందు కప్లర్ బరువూ మొత్తం బరువూ కాగితం మీద రాసి ఫోటో తీసి నాకు పంపు. మీ నాన్నకు కూడా పంపు. వాడు పైకి ఏమీ అడగడు.

పెదనాన్న